తీర్పు కాగితం పట్టుకుని ఎవరు తిరుగుతారు?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను ఒంగోలులో ప్రాక్టీసు చేస్తున్న జూనియర్ అడ్వకేట్‌ని. నాలుగేళ్లయింది. మూడు వారాల క్రితం మా దగ్గరి పట్టణంలో ఒక అపార్ట్‌మెంట్ సెప్టిక్ ట్యాంకులో దిగిన ఇద్దరు ఊపిరాడక చనిపోయారు. వాళ్లలో ఒకాయన భార్య మా అమ్మమ్మ వాళ్ల వీధిలోనే ఉంటుంది. ఈ సంఘటన తర్వాత పారిశుద్ధ్య కార్మికుల యూనియన్, ఒక దళిత సంఘం, ఒక మహిళా సంఘం, ఇద్దరు డాక్టర్లు కలిసి వేదిక పెట్టారు. హైకోర్టులో పిల్ (ప్రజా ప్రయోజన వ్యాజ్యం) వేస్తాం, లీగల్ పని మీరు చూడండి అంటున్నారు. మా సీనియర్‌కి చెబితే, "పిల్ వేస్తే పేపర్లో ఫొటో వస్తుందమ్మా, ఇంట్లోకి బియ్యం రావు" అన్నారు. రెండు మీటింగులకి వెళ్లాను. రెండో దాంట్లో బ్యానర్ మీద ఎవరి పేరు ముందుండాలని గంటన్నర గొడవ. ఇంకో పక్క కాంట్రాక్టర్ మనుషులు ఆవిడ దగ్గరికి వచ్చి 4 లక్షలిస్తాం, కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. వేదికలో కొందరు తీసుకోవద్దంటున్నారు. ఆవిడ నన్నే అడిగింది, "నువ్వు చెప్పమ్మా, ఏం చెయ్యమంటావు?" అని. టెన్షన్‌తో రెండు రోజులుగా నిద్ర లేదు. నేను ఈ వేదికలో చేరాలా? దీని వల్ల నిజంగా ఏమైనా జరుగుతుందా?

సమాధానం: అమ్మా, మీరు నా కూతురి వయసువాళ్లే. అయినా మీరు అనే రాస్తాను, కోర్టు అలవాటు.

మీరు అడిగిన వరసలో చెప్పను. వేదిక ఎక్కడికీ పోదు. ముందు ఆవిడ సంతకం సంగతి చూడాలి.

4 లక్షలు తీసుకోవద్దని ఆవిడకి చెప్పే హక్కు వేదికలో ఎవరికీ లేదు. సంపాదించే మనిషి పోయి మూడు వారాలైన ఇంట్లో సరుకులెలా వస్తున్నాయో అడిగి, ఆ తర్వాత సిద్ధాంతం మాట్లాడమనండి. డబ్బు తీసుకోవచ్చు. కాగితం మీద ఏం రాసి ఉందన్నదే అసలు సంగతి. "మాకు ఇక ఏ క్లెయిమూ లేదు, ఎవరి మీదా కేసు లేదు" అనే వాక్యం ఉంటే సంతకం పెట్టనివ్వకండి. "తక్షణ సహాయంగా ఇంత ముట్టింది" అని మాత్రమే రాసిస్తామనండి. కాంట్రాక్టర్ ఒప్పుకోకపోతే ఆ 4 లక్షలు దేనికోసమో మీకు అర్థమైపోతుంది.

ఇంకో మాట కూడా ఆవిడకి తెలియాలి. పనిలో చనిపోయిన కార్మికుడి పరిహారం విషయంలో 1923 నాటి చట్టం కాలం నుంచీ ఒక నియమం ఉంది. ఆ సొమ్మును యజమాని పరిహారాలు తేల్చే ప్రభుత్వ అధికారి దగ్గర జమ చేయాలి. ఇంటికొచ్చి చేతిలో పెట్టి సంతకం తీసుకుంటే పరిహారం చెల్లించినట్టు లెక్కకు రాదు. సంతకాలు ఎలా పుడతాయో ఆ చట్టం రాసినవాళ్లకి వందేళ్ల కిందటే తెలుసన్నమాట.

రెండోది గడువు. 2013లో వచ్చిన మాన్యువల్ స్కావెంజర్ల (చేతులతో మలం ఎత్తేవాళ్ల) నియామక నిషేధం, పునరావాస చట్టం మీరు చదివే ఉంటారు. దాని 10వ సెక్షన్ మళ్లీ ఒకసారి చూడండి. నేరం జరిగిన రోజు నుంచి మూడు నెలల్లోగా ఫిర్యాదు కోర్టుకు చేరాలి. మీకు ఇప్పటికే మూడు వారాలు గడిచిపోయాయి. పోలీసులు దీన్ని అనుమానాస్పద మృతి కింద కట్టి పక్కన పెట్టారేమో కనుక్కోండి. మీరు ఆ విషయం రాయలేదు. ఇలాంటి చోట్ల చాలాసార్లు జరిగేది అదే. సీవర్‌లోకి (భూగర్భ మురుగు కాలువలోకి) గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ రక్షణ లేకుండా మనిషిని దింపడాన్ని 7వ సెక్షన్ నిషేధిస్తుంది. మొదటిసారి తప్పుకే రెండేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. బెయిలు ఇవ్వడం తప్పనిసరి కాని నేరం. ఈ సెక్షన్లు వేయమని రాతపూర్వకంగా అడగండి. చనిపోయినవాళ్లు ఎస్సీలైతే అట్రాసిటీ చట్టం మాట కూడా అందులోనే రాయండి. 2016 జనవరి 26 నుంచి, మన దగ్గర పాకీ పని అని పిలిచే పనిని ఎస్సీ, ఎస్టీల చేత చేయించడం ఆ చట్టం కింద నేరమే. సెప్టిక్ ట్యాంకు దాని కిందికి వస్తుందా రాదా అని వాదన జరుగుతుంది, జరగనివ్వండి. మీరు అడగకపోతే ఆ వాదన కూడా ఉండదు.

పరిహారం మాటకొస్తే, సీవర్ చావులకు 10 లక్షలివ్వాలని 2014 మార్చి 27న సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని 30 లక్షలు చేసింది 2023 అక్టోబర్ 20న. మీ మున్సిపాలిటీ వాళ్లు "అది ప్రైవేటు ట్యాంకు, మాకేం సంబంధం" అనకుండా ఉండరు. 7వ సెక్షన్‌లో మనిషి, స్థానిక సంస్థ, ఏజెన్సీ అని ముగ్గురి పేరూ ఉంది. సెప్టిక్ ట్యాంకు అన్న మాటా విడిగా ఉంది. మీ జవాబు అక్కడ మొదలవుతుంది.

ఇదంతా ఆవిడ కేసు. ఆవిడ కేసూ వేదిక కేసూ ఒకటి కాదు. ఇది నాకు అర్థమయ్యేసరికి ఆలస్యమైంది, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

చాలా ఏళ్ల కింద, నేను మీ అంత ఉత్సాహంగా ఉన్న రోజుల్లో, రాళ్ల క్వారీల దుమ్ముతో ఊపిరితిత్తులు పోయిన కార్మికుల కోసం ఐదారు సంఘాలం కలిసి ఒక పిటిషన్ వేశాం. మా కథంతా ఒక్క ఇంటి చుట్టూ తిరిగింది. ఆ ఇంటావిడ భర్త ఫొటోనే కరపత్రం మీద వేశాం, ఆయన ఎక్స్‌రేనే కోర్టుకిచ్చాం. చివరికి క్వారీల్లో నీళ్లు చల్లుతూ పని చేయించాలని, ఏడాదికోసారి వైద్య పరీక్షలు జరిపించాలని ఆదేశం వచ్చింది. మంచి ఆదేశమే. మేం మిఠాయిలు పంచుకున్నాం. ఆవిడ ఆ రాత్రి ఎవరింట్లోనో టీవీలో చూసిందట, మర్నాడు మా ఆఫీసుకొచ్చింది. "నీళ్లు చల్లితే మంచిదేనమ్మా, మరి మా ఆయన సంగతేంటి?" అంది. ఆయన పరిహారం మా పిటిషన్‌లో ఐదో విన్నపం. వాదనలప్పుడు, మిగతావి త్వరగా తేలతాయని దాన్ని మేమే వదిలేశాం. ఆవిడని అడగలేదు. అడగాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. మోసం చేశామని ఆవిడ అనలేదు. వచ్చినామె మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది, అంతే.

పిల్‌లో పిటిషనర్ వేదిక. రేపటి వాళ్లెవరూ చావకూడదన్నది దాని లక్ష్యం. ఆవిడకు కావాల్సింది నిన్న చనిపోయిన తన మనిషికి జవాబు. ఈ రెండూ చాలా దూరం కలిసే నడుస్తాయి, ఎక్కడో ఒక మలుపులో విడిపోతాయి. ఆ మలుపులో ఇద్దరికీ లాయర్ ఒకరే అయితే నష్టపోయేది ఎవరో నేను చూశాను. కాబట్టి మీరు వేదిక వకాలత్ తీసుకుంటే ఆవిడకి వేరే లాయర్ ఉండాలి. మీ జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకి తీసుకెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా లాయర్‌ని ఉచితంగా ఇవ్వాలని 1987 చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. 15100కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు. లేదంటే మీరు ఆవిడ లాయర్‌గా ఉండిపోండి, వేదికే ఇంకొకరిని చూసుకుంటుంది. నా సలహా అడిగితే రెండోదే. ఆవిడ అడిగింది వేదికని కాదు, మిమ్మల్ని.

ఇక మీ సీనియర్ మాట. ఆయన సగం కరెక్టు. ఫొటోల కోసం పిల్‌లు వేసేవాళ్లని హైకోర్టులు రోజూ చూస్తున్నాయి. అలాంటివాటిని వడగట్టడానికి నియమాలు పెట్టుకోమని హైకోర్టులకు 2010లో సుప్రీంకోర్టే చెప్పాల్సి వచ్చింది. పేపర్ కటింగులు జతచేసి "న్యాయం చేయండి" అని వేస్తే ఖర్చులు కట్టమని కొట్టేస్తారు, తప్పు లేదు. కానీ ఆయన చూసిందంతా కోర్టు హాల్లో జరిగే భాగం. వేదికల అసలు పని అక్కడ కనిపించదు.

మీ అంశం మీదే దేశంలో పెద్ద కేసు సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో వేసింది. ఆ సంస్థని నడిపిన బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల దగ్గర పుట్టిన తెలుగువాడు. సంస్థతో పాటు మరికొన్ని సంఘాలు, ఆ పని చేసిన కుటుంబాల మనుషులు కూడా పిటిషనర్లే. అడిగింది చిన్న విషయం: పాకీ పనిని నిషేధిస్తూ 1993లో చట్టం చేశారు కదా, అమలు చేయండి. రాష్ట్రాలు ఒకదాని తర్వాత ఒకటి అఫిడవిట్లు వేశాయి, మా దగ్గర అలాంటి మరుగుదొడ్లే లేవు, ఆ పని చేసేవాళ్లే లేరు అని. లేరన్నాక కేసేముంది? ఇక్కడే తొంభై తొమ్మిది పిటిషన్లు చచ్చిపోతాయి. వీళ్లు ఊరూరా తిరిగి ఏ వీధిలో ఏ మరుగుదొడ్డి ఉంది, ఎవరు శుభ్రం చేస్తున్నారు అని ఫొటోలతో సహా రాసుకొచ్చి కోర్టు ముందు పెట్టారు. ప్రభుత్వం లేదంటుంది, వీళ్లు ఉందని చూపిస్తారు. ఇలా పదేళ్లు నడిచింది. మధ్యలో 2011 జనాభా లెక్కల్లో, మనుషులు మలం ఎత్తే మరుగుదొడ్లు 7.94 లక్షలు ఉన్నాయని ప్రభుత్వ లెక్కే బయటపడింది. అఫిడవిట్లు ఒకటి చెబుతున్నాయి, జనాభా లెక్కలు ఇంకోటి చెబుతున్నాయి. 2013లో కొత్త చట్టం, 2014లో తీర్పు వచ్చాయి. నేను పైన చెప్పిన 10 లక్షలు ఆ తీర్పులోదే. 1993 తర్వాత సీవర్లలో చనిపోయిన వాళ్లందరినీ గుర్తించి ఇవ్వమన్నారు.

ఇది గెలుపా? పదకొండేళ్లు పట్టింది, ఆ తర్వాత కూడా మీ పక్క ఊళ్లో ఇద్దరు చనిపోయారు. నేను గెలుపనే అంటాను. ఈరోజు మీ చేతిలో ఒక సెక్షన్, ఒక అంకె ఉన్నాయి. 2003లో ఆవిడలాంటి మనిషి వస్తే లాయర్ దగ్గర ఓదార్పు తప్ప ఏమీ లేదు.

ఇంకో కేసు కూడా చెప్పాలి. తీర్పు తర్వాతి పని ఏంటో దాన్ని చూసే నేర్చుకున్నాను. 2001లో రాజస్థాన్ కరవు. జనం పస్తులుంటే భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) గోదాముల్లో ధాన్యం ముక్కిపోతోంది. పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ ఆ ఏప్రిల్‌లో సుప్రీంకోర్టుకెళ్లింది. ఆ కేసు చుట్టూ ఆహార హక్కు ప్రచారోద్యమం అనే పెద్ద కూటమి పెరిగింది. బడిలో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబర్ 28న కోర్టు చెప్పింది. రోజుకు కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రోటీన్, ఏడాదికి 200 రోజులు. ఆరు నెలల్లో మొదలుపెట్టమంది. చాలా రాష్ట్రాలు కదల్లేదు. మన ఉమ్మడి రాష్ట్రంలో పొయ్యి వెలిగింది 2003 జనవరిలో. అమలు చూడటానికి కోర్టు ఇద్దరు కమిషనర్లని పెట్టింది. ఒకరు ఎన్.సి. సక్సేనా. ఇంకొకరు మన ఎస్.ఆర్. శంకరన్ గారు. ఐఏఎస్‌గా ఆయన వెట్టి కార్మికుల కోసం ఏం చేశారో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, చెబుతారు. సఫాయి కర్మచారుల పోరాటం వెనక నిలబడిన పెద్దమనిషి కూడా ఆయనే.

ఈ కూటమి ప్రతిసారీ చేసింది ఒక్కటే. ఊళ్లకెళ్లి చూసి, చూసింది రాసి, కమిషనర్లకి పంపడం. కొన్ని చోట్ల దళిత స్త్రీ వండితే పిల్లల్ని తిననివ్వడం లేదని ఇలాగే బయటికొచ్చింది. వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న ఆదేశం వచ్చింది. 2006 డిసెంబర్ 13న ఇంకోటి: ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని వాడ అడిగితే మూడు నెలల్లో ఇవ్వాలి. ఆ వాక్యం ఢిల్లీలో పడి ఉంటే ఎవరికి లాభం? దాన్ని తెలుగులోకో, హిందీలోకో, ఒడియాలోకో తిప్పి, అరపేజీ అర్జీ చేసి, వాడలో పిల్లల పేర్లు రాయించి, అధికారి బల్ల మీద పెట్టి రసీదు తీసుకునే మనిషి కావాలి. అలాంటి మనుషులు లేని జిల్లాల్లో ఆ ఆదేశం ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియలేదు.

మన ఇంట్లో జరిగిన కథ సమతా తీర్పు. విశాఖ మన్యంలో, బొర్రా చుట్టుపక్కల గిరిజన భూముల్ని గనుల కంపెనీలకు లీజుకిస్తుంటే సమతా అనే చిన్న సంస్థ కోర్టుకెళ్లింది. హైకోర్టులో ఓడిపోయింది. 1997 జులై 11న సుప్రీంకోర్టులో గెలిచింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడికి భూమి ఇవ్వకూడదన్న నియమం ప్రభుత్వానికీ వర్తిస్తుందని ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు అన్నారు. హైకోర్టులో ఓడిన రోజు వాళ్ల సీనియర్లు కూడా బియ్యం మాటే చెప్పి ఉంటారు.

మీ వేదిక ఈ పని చేసే వేదికేనా, బ్యానర్ వేదికా అన్నది ఎలా తెలుస్తుంది? బ్యానర్ గొడవ చూసి బెదిరిపోకండి. ఐదు సంఘాలున్న చోట ఆ గొడవ లేకపోతే నాకు అనుమానమొస్తుంది, ఎవరో ఒకరే మిగతావాళ్లని నడిపిస్తున్నారని. తర్వాతి మీటింగులో మీరు ఒక పని ప్రతిపాదించండి. హైకోర్టు మాట ప్రస్తుతానికి పక్కన పెట్టి, ఆర్టీఐ కింద పది రూపాయలతో ఒక దరఖాస్తు వేద్దామనండి. 2013 చట్టం ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన విజిలెన్స్ కమిటీ ఉండాలి, కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలి. గత రెండేళ్ల మినిట్స్ కాపీలు అడగండి. ముప్పై రోజుల్లో ఏదో ఒక జవాబు రావాలి. కమిటీ కూర్చోలేదని వస్తే, మీ పిటిషన్‌కి మొదటి జతపత్రం దొరికినట్టే. కూర్చుందని వస్తే, ఏం మాట్లాడారో చదవండి. ఈలోగా జిల్లాలో గత పదేళ్లలో మ్యాన్‌హోళ్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో ఎవరెవరు చనిపోయారో యూనియన్ వాళ్లు ఒక రిజిస్టర్ రాయాలి: పేరు, తేదీ, స్థలం, పని చేయించింది ఎవరు, ఎఫ్ఐఆర్ ఉందా, పరిహారం వచ్చిందా. డాక్టర్లు పోస్టుమార్టం రిపోర్టులు చదివి పెట్టాలి. పనికి పిలిచిన ఫోన్ కాల్, వాట్సాప్ మెసేజ్, ఫోన్‌పేలో వేసిన అడ్వాన్సు, ఇవన్నీ ఇప్పుడు సాక్ష్యాలే. నెలలోపు ఎవరూ ఫోన్లు మార్చకుండా చూడండి.

ఈ పని పంచినప్పుడు ఎవరు చేతులెత్తుతారో చూస్తూ కూర్చోండి. రిజిస్టర్‌కి చెయ్యెత్తినవాళ్లే మీ వేదిక. ప్రెస్‌మీట్‌కి చెయ్యెత్తినవాళ్లని కూడా పొమ్మనకండి, వాళ్లతో వేరే అవసరం పడుతుంది.

చేరేట్టయితే ఒక కాగితం రాసుకోవాలి. పిటిషన్‌లో ఏ విన్నపాన్నయినా వదిలేయాలంటే ఎవరెవరు ఒప్పుకోవాలి, కుటుంబాల పేర్లు, ఫొటోలు వాడాలంటే ఎవరిని అడగాలి, విరాళాల లెక్క ఎవరి దగ్గర ఉంటుంది, పత్రికలతో ఎవరు మాట్లాడతారు. ఆ కాగితం మీద మీ ఖర్చుల సంగతి కూడా ఉండాలి. ఫీజు వద్దనుకుంటే మీ ఇష్టం. అమరావతి దాకా బస్సు చార్జీ, జిరాక్సులు, టైపింగ్, కోర్టు ఫీజు మీ పర్సులోంచి పోకూడదు. ఉచితంగా చేస్తానని మొదలుపెట్టి ఎనిమిదో నెలలో ఫోన్ ఎత్తడం మానేసిన జూనియర్లని చాలామందిని చూశాను. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, అద్దె కట్టాల్సినవాళ్లు. వారంలో ఒక రోజు దీనికి, మిగతా రోజులు మీ సీనియర్ ఆఫీసుకి. ఆయనతో తెంచుకోకండి. సగం కరెక్టని చెప్పాను కదా, పిటిషన్ రాశాక ముందు ఆయనకే చూపించండి. నమ్మకం లేని మనిషి చదివితేనే చిల్లులు కనిపిస్తాయి.

సోమవారం వేదిక మీటింగు ఉంటే మధ్యాహ్నం వెళ్లొచ్చు. పొద్దున్న ఆవిడతో స్టేషన్‌కి వెళ్లండి. ఎఫ్ఐఆర్ కాపీ పైసా తీసుకోకుండా ఇవ్వాలి, ఇవ్వకపోతే ఎస్పీ ఆఫీసుకి రిజిస్టర్ పోస్టులో రాయండి, రసీదు జాగ్రత్త. ఆవిడ మంచినీళ్లు తాగి ఊరికే వెనక్కి రాకుండా చూడండి.

ఏమైందో నాకు మళ్లీ రాయండి. బ్యానర్ మీద ఎవరి పేరు ముందు పడిందో కూడా.